కింది ఎడమ రెక్క

ఆ రోజు ఉదయం పళ్ళ మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. విమానానికి పై రెక్క అతికించాలి. జిగురు ఆరేలోపు స్నానం చేసి క్లినిక్కుకి వెళ్ళిపోవాలి. సాయంత్రం తిరిగొచ్చాక రెండు రెక్కల మధ్య తీగలు లాగి కట్టేస్తే విమానం పూర్తయిపోతుంది. పూర్తయ్యాక ఏం చేయాలన్నది మాత్రం పథకంలో లేదు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె ఇంకో కాఫీ పెట్టుకునేది.

పళ్ళ డాక్టరు గారి క్లినిక్కులో, వెనక గదిలో కూర్చుని ఆమె కట్టుడు పళ్ళు చేస్తుంది. అందుకే అందరికీ పళ్ళ మేడమ్ అయింది. ఆ గదిలోకి రోగులు రారు, వాళ్ళ నోళ్ళ అచ్చులు మాత్రం వస్తాయి. ఊళ్ళో చాలామంది ఆమె చేసిన పళ్ళతోనే నవ్వుతారు. రోడ్డు మీద ఎవరైనా ఆవులిస్తే ఆమె గుర్తుపట్టగలదు గానీ, పలకరిస్తే గుర్తుపట్టలేదు. పలకరించేవాళ్ళూ తక్కువే. పెళ్ళి ఊసెత్తే బంధువులు ఒకప్పుడు ఉండేవారు. వాళ్ళు ఒక్కొక్కరే ఊసు మానేశారు, ఆ తర్వాత రాకపోకలు మానేశారు. ఆమె తల తిప్పి చూసుకునేసరికి వయసు యాభై దాటింది, ఇంట్లో కుర్చీ ఒకటే మిగిలింది.

విమానం ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. గోడ గడియారానికి సెల్లు కొందామని ఒక దుకాణానికి వెళితే, ఆ రోజే దాన్ని ఎత్తేస్తున్నారు. దుకాణదారు సెల్లు లేదని చెప్పి, దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టె ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. మూత మీద పాతకాలపు విమానం బొమ్మ ఉంది. కింద ఒక జత రెక్కలు, పైన ఇంకో జత, మధ్యలో నిలువు పుల్లల నిట్రాళ్ళు, అడ్డదిడ్డంగా తీగలు, పైకప్పు లేని గుంతలో కూర్చున్న పైలట్.

"నేనేం చేసుకోనండీ దీన్ని?" అంది ఆమె.

"కట్టుకోండి. కాలక్షేపం," అన్నాడతను.

క్షేపించడానికి ఆమె దగ్గర కాలం చాలానే ఉంది. పుల్లలు గీకడానికి పళ్ళు గీకే పనిముట్లే సరిపోయాయి. పక్కటెముకల్లాంటి చెక్క ముక్కలు ఒక్కొక్కటీ కోసి, రుద్ది, వరుసగా నిలబెట్టింది. వాటి మీద పల్చటి కాగితం పరిచి వార్నిష్ పూస్తే, అది ఆరి డప్పులా బిగుసుకుంది. పెట్టెలో వచ్చిన పైలట్ మూతి ఆమెకు నచ్చలేదు. మైనంతో కొత్త మూతి చేసింది. పెదాలు మూసుకునే ఉన్నాయి గానీ, లోపల పళ్ళు కూడా పెట్టింది. విమానం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. సాయంత్రాలు ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే చెబుదామనే ఉండేది.

ఆ ఉదయం పై రెక్కను రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిట్రాళ్ళ మీదికి దించుతోంది. సరిగ్గా అప్పుడే కింద వీధిలో చెత్తబండి హారన్ కొట్టింది. ఆమె ఉలిక్కిపడింది. మోచెయ్యి తగిలి కింది ఎడమ రెక్క పటుక్కుమంది.

ఆమె పై రెక్కను జాగ్రత్తగా మంచం మీద పెట్టి క్లినిక్కుకి ఫోన్ చేసింది. ఎత్తింది రిసెప్షన్ అమ్మాయి.

"నేనమ్మా. ఇవాళ రాలేను. రెక్క విరిగింది."

"అయ్యయ్యో! ఏ రెక్క మేడమ్?"

"ఎడమది."

"ఎక్కడికి విరిగింది?"

"మొదట్లోకి. పూర్తిగా ఊడిపోలేదు గానీ వేలాడుతోంది."

అవతల కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. "వేలాడుతోందా! చాలా బాధగా ఉందా మేడమ్?"

"ఉండదా మరి? ఇంతదాకా వచ్చాక."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారమ్మా? నేనే ఏదో జిగురు పెట్టి అతికించుకుంటాను," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ ఇంట్లో రెక్క అనే మాటకు చాలాకాలంగా ఒకటే అర్థం. బయట మనుషులకు కూడా రెక్కలుంటాయని ఆమెకు ఆ క్షణాన తట్టలేదు.

రిసెప్షన్ అమ్మాయికి విన్నది విన్నట్టు చెప్పే అలవాటు లేదు. అలా చెప్పడం అవతలివాళ్ళను తక్కువ చేసినట్టని ఆమె ఉద్దేశం. అందుకని ఆ కబురు డాక్టరు గారి చెవిన పడేసరికి పళ్ళ మేడమ్ కింద పడింది, ఎముక బయటికొచ్చింది, మతి చలించి ఆ ఎముకకు జిగురు రాసుకుంటోంది. డాక్టరు గారు అప్పుడు ఒకాయన నోట్లో రెండు చేతులూ పెట్టి ఉన్నారు. "ముందు వాళ్ళవాళ్ళకి ఫోన్ చెయ్యి!" అని అరిచారు. పళ్ళ మేడమ్ ఉద్యోగంలో చేరినప్పుడు, అవసరమైతే ఎవరికి చెప్పమంటారని అడిగితే, చాలాసేపు ఆలోచించి కింది వాటా ఆవిడ నంబరు ఇచ్చింది. ఒకసారి కుళాయి కారినప్పుడు తీసుకున్న నంబరు అది.

కింది వాటాలో ఉండేది వార్డెన్ గారు. ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగమంతా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు అజమాయిషీ చేయడానికి రెండు పూలకుండీలు, ఒక గడియారం మిగిలాయి. ఫోన్ రాగానే చేతికర్ర తీసుకుని మెట్లెక్కి, ఆ కర్రతోనే తలుపు బాదారు.

లోపల పళ్ళ మేడమ్ అవస్థలో ఉంది. కంగారులో నొక్కితే జిగురు ట్యూబు పగిలి, ఎడమ అరచెయ్యి కాస్తా ఏప్రన్ మీద గుండెల దగ్గర అతుక్కుపోయింది. కుడి చేతిలో ట్యూబు ఉంది. ఎలాగో గడియ తీసి, ఎడమ మోచేత్తో తలుపు నెట్టింది.

"కదపకు!" అన్నారు వార్డెన్ గారు.

"అది కాదండీ. విరిగింది నా రెక్క కాదు, విమానం రెక్క."

వార్డెన్ గారు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "విమానం తర్వాత ఎక్కుదువుగాని. ముందు కూర్చో."

ఆమె ఇంకోసారి చెప్పబోయింది. అప్పటికే దిండు గలీబు ఒకటి త్రికోణంగా మడతపడి మెడలోకి వచ్చేసింది. ఏప్రన్‌తో సహా చెయ్యి అందులోకి వెళ్ళింది. వార్డెన్ గారు కిందికి వెళ్ళి వేడి వేడి భోజనం తెచ్చి, చెంచాతో నోటికందించారు. తర్వాత ఆమె తల వంక చూసి, "ఏంటా జుట్టు? పిచ్చుకలు కాపురం పెట్టాయా?" అంటూ దువ్వెన తీసుకుని వెనక మంచం మీద కూర్చున్నారు.

చిక్కు తీయడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు పాయలు విడదీస్తున్నాయి, ముడిపడిన చోట ఆగి, ఓపికగా లాగి, మళ్ళీ కదులుతున్నాయి. తన తలను ఇంకొకరి వేళ్ళు తాకి ఎన్నేళ్ళయిందో పళ్ళ మేడమ్‌కి గుర్తు రాలేదు. ఊరికే కూర్చుంది. కాసేపటికి చెంపలు తడిశాయి.

"నొప్పి పుడుతోందా?"

"లేదండీ."

"మరెందుకా కన్నీళ్ళు?"

పళ్ళ మేడమ్ చెంపలు తుడుచుకుంది. "చెయ్యి," అంది.

అదే మొదటి అబద్ధం. మిగతావి దాని వెనకే వచ్చాయి. హాస్పిటల్‌కి వెళ్ళాలి కదా అంటే, పొద్దున్నే వెళ్ళొచ్చానంది. మరి కట్టేదీ అంటే, మధ్యాహ్నం వచ్చి వేస్తామన్నారంది. వార్డెన్ గారు తల ఊపి, పాత్రలు తీసుకుని కిందికి దిగారు. ఆమె వేడినీళ్ళతో అరచెయ్యి విడిపించుకుంటూ ఉండగానే ఫోన్ మోగింది. డాక్టరు గారు, రిసెప్షన్ అమ్మాయి ఆమెను చూడ్డానికి బయల్దేరుతున్నారట.

ఆ ఇంటికి ఇద్దరు మనుషులు కలిసి రావడమే ఒక వింత. వచ్చినవాళ్ళతో, "మీరు అనవసరంగా వచ్చారు," అని చెప్పి పంపేయడమా? బల్ల కింద విమానం చక్రాలకు అచ్చు పోద్దామని తెచ్చుకున్న ప్లాస్టర్ డబ్బా కనిపించింది. ఎముకలకు కట్టే ప్లాస్టర్ వేరు. ఇది పళ్ళ అచ్చులు పోసేది, పసుపుపచ్చనిది, ఆరితే సుత్తికి కూడా లొంగదు. ఆ సంగతి ఆమె కన్నా బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు. అయినా పాత దుప్పటి చింపింది, గిన్నెలో ప్లాస్టర్ కలిపింది, పీలికలు ముంచి మణికట్టు నుంచి మోచెయ్యి పై దాకా చుట్టింది. ముడి వేయడానికి పళ్ళు వాడింది. గట్టిపడేటప్పుడు కట్టు వేడెక్కి, తర్వాత చల్లబడింది. వేలితో కొట్టి చూస్తే గ్రానైటు పలక మీద కొట్టినట్టు మోగింది. వంచిన మోచెయ్యి వంచినట్టే ఉండిపోయింది.

వచ్చినవాళ్ళు ఇద్దరు కాదు, ముగ్గురు. మూడో ఆయన నాటకాల తాతగారు. ఆయన పళ్ళ సెట్టు ఆమె చేతిలోనే తయారవుతోంది. కొద్ది రోజుల్లో ఆయన రాజు వేషం కట్టాలి. ప్రస్తుతం నోట్లో ఒక్క పన్ను లేదు. గుమ్మంలోనే కట్టు చూసి ఆయన భోరుమన్నారు. "నా పళ్ళ కోఫం రెక్కలు ముక్కలు చేఫుకున్నావా తల్లీ!"

డాక్టరు గారు మాత్రం ఏడవలేదు. దగ్గరికొచ్చి కట్టును వేలితో తట్టారు. రంగు చూశారు. మళ్ళీ తట్టారు.

"ఎవరు వేశారు మేడమ్ ఇది?"

"ఎవరో కొత్తాయన."

"చెయ్యి తిరిగినవాడే," అన్నారు డాక్టరు గారు.

"అసలెలా పడ్డారు మేడమ్?" అంది రిసెప్షన్ అమ్మాయి.

"మెట్లు..." అంది పళ్ళ మేడమ్. మెట్లెక్కి అలిసిపోయారు, కూర్చోండి, అనబోయింది.

"చెప్పలా! మెట్ల మీద జారారు!" అని రిసెప్షన్ అమ్మాయి చప్పట్లు కొట్టినంత పని చేసింది. కూర్చోడానికి చోటు వెతుకుతూ బల్ల వైపు తిరిగి, అక్కడే ఆగిపోయింది. "ఇదేంటి?"

"విమానం."

"ఎవరిది?"

"నాదే."

ముగ్గురూ బల్ల చుట్టూ చేరారు. డాక్టరు గారు నడుం వంచి, పైలట్ నోటి వంక చూసి, "లోపల పళ్ళున్నాయి," అన్నారు నమ్మలేనట్టు. రిసెప్షన్ అమ్మాయి వేలు చూపించింది. "దీనికీ ఎడమ రెక్కే విరిగిందే! ఇది పట్టుకునే పడ్డారన్నమాట. అందుకే అంత బాధపడ్డారు. మీరు చెప్పండి మేడమ్, మేం అతికిస్తాం."

ఆ సాయంత్రం రెక్క అతకలేదు. ఎవరికీ చేతకాలేదు. అందుకని మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. విరిగిన పుల్లలో సన్నటి సూది దింపి నిలబెట్టే పని డాక్టరు గారు తీసుకున్నారు. పని మొదలుపెట్టే ముందు అలవాటు కొద్దీ విమానంతో, "కొంచెం నోరు తెరవండి," అనేవారు. రిసెప్షన్ అమ్మాయి సన్నటి వేళ్ళతో, తీగలుగా వాడే దారాలు ముడివేస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. తాతగారిది రెక్కను కదలకుండా పట్టుకునే పని. పట్టుకున్నంతసేపూ రాజు సంభాషణలు వల్లించేవారు. ఆ గదిలో రెక్క పట్టుకునే ఆయన యుద్ధాలు ప్రకటించారు, మంత్రులను దేశం నుంచి వెళ్ళగొట్టారు. గోల భరించలేక మందలిద్దామని పైకి వచ్చిన వార్డెన్ గారు, జిగురు ట్యూబుకు మూత లేకపోవడం చూసి అక్కడే ఉండిపోయారు. "పని అయ్యాక ఎవరి కత్తెర వాళ్ళు యథాస్థానంలో పెట్టాలి," అని తొలిరోజే నియమం పెట్టారు.

పళ్ళ మేడమ్ మంచం మీద కూర్చుని, రాతి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఏది ఎక్కడ అతకాలో చెప్పేది. తను ఇంతసేపు మాట్లాడగలదని ఆమెకే తెలియదు. లోపల దురద పుడితే మిగిలిపోయిన చెక్క పుల్లతో గోక్కునేది. రేపు చెప్పేస్తాననుకునేది. రేపు వచ్చాక ఎవరో తలుపు తట్టేవారు, తాతగారు మెట్ల మీద నుంచే, "ఎవరక్కడ!" అని గర్జించేవారు, ఆమె చెప్పడం మానేసేది. వాళ్ళంతా వెళ్ళాక గ్లాసులు కడగడం ఆమెకు ఇష్టంగా ఉండేది. అన్ని గ్లాసులు ఆ ఇంట్లో ఎప్పుడూ మాసినవి కావు.

ఈలోగా తాతగారి పళ్ళ పని పొరుగూరికి వెళ్ళింది. అక్కణ్ణించి వచ్చిన సెట్టు గుర్రానికి సరిపోయేలా ఉంది. అది పెట్టుకుంటే ఆయన ఏమన్నా నవ్వుతూ అన్నట్టే ఉండేది. నాటకం ఆఖర్లో రాజు తన కొడుకు శవం మీద పడి ఏడవాలి. ఆయన ఒకసారి ఏడ్చి చూపించారు. రిసెప్షన్ అమ్మాయి నోరు మూసుకుని వంటగదిలోకి పరిగెత్తింది. వార్డెన్ గారు కిటికీ వైపు తిరిగారు గానీ, భుజాలు నవ్వుకు కదులుతూనే ఉన్నాయి.

"ఇటివ్వండి," అంది పళ్ళ మేడమ్. కోపం వచ్చింది ఆమెకు. చెడ్డ పనితనం మీద వచ్చే కోపం అది. ఆకురాయి తీసుకుంది, మూల పళ్ళు తగ్గించింది, చిగురు అంచు రాకింది, గుడ్డతో రుద్ది నిగనిగలాడించింది. తాతగారు మళ్ళీ ఏడ్చారు. ఈసారి గదిలో ఎవరికీ నవ్వు రాలేదు. అందరూ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాక ఆమె తన చేతుల వంక చూసుకుంది. సెట్టును బిగించి పట్టుకున్నది కట్టులోంచి బయటికొచ్చిన ఎడమ చేతి వేళ్ళే. విరిగిన చేతికి అంత పట్టు ఉండకూడదు.

ఆమె తలెత్తి చూసింది. డాక్టరు గారు పైకప్పు వంక చూస్తున్నారు. "జిగురు ఆరిందా?" అన్నారు, ఎవరినీ కాకుండా.

"ఆరింది, ఆరింది," అన్నారు వార్డెన్ గారు.

చివరికి ఒక సాయంత్రం ఆఖరి తీగ మాత్రం మిగిలింది. ఆ రోజు అందరూ కూర్చుని చూడాలని వార్డెన్ గారు కింది నుంచి నాలుగు కుర్చీలు పైకి చేర్పించారు. అందరూ కుర్చీల్లో సర్దుకుంటుండగా ఇంటి యజమాని వచ్చాడు. చేతిలో అరటిపళ్ళ సంచీ, ముఖంలో ఒక ఘనకార్యం చేసిన తృప్తి.

నిజానికి ఆయన భయపడి ఉన్నాడు. రిసెప్షన్ అమ్మాయి నోట పడ్డాక ఆ మెట్లు ఊరికే ఉండలేదు. మొదట పళ్ళ మేడమ్‌ని పడేశాయి, తర్వాత తాతగారిని పడేయబోయాయి, ఊరి చివరికి చేరేసరికి అరడజను మందిని మంచాన పడేశాయి. ఖాళీగా ఉన్న వాటా చూడ్డానికి వచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి మెట్లు చూసి వెళ్ళిపోతున్నారు.

"మీరింక బెంగపెట్టుకోకండి," అన్నాడాయన. "ఆ మెట్లు కడిగే ఆవిడను మాన్పించేశాను. నీళ్ళు తుడవకుండా వదిలేయబట్టే కదా మీకీ గతి పట్టింది. రేపటినుంచి వేరే మనిషి వస్తుంది."

మెట్లు కడిగే ఆవిడ రోజూ పొద్దున బకెట్టు పక్కకు జరిపి, "డ్యూటీకా అమ్మా?" అని అడిగేది. కొన్ని రోజుల్లో పళ్ళ మేడమ్‌తో ఇంకెవరూ మాట్లాడేవారు కాదు, ఆ రెండు మాటలే ఆ రోజుకి. బదులుగా పళ్ళ మేడమ్ "ఆఁ" అనేది. అంతే వాళ్ళ స్నేహం.

ఆమె లేచి నిలబడింది. "ఆవిడ తప్పేం లేదండీ. నేను పడలేదు."

"పడకుండా చెయ్యెలా విరిగింది?"

"విరగలేదు. విమానం రెక్క విరిగింది. నేనదే చెప్పాను. తర్వాత... తర్వాత చెప్పలేకపోయాను. అందరూ వచ్చారు కదా."

ఇంటి యజమాని ఏమీ అర్థం కాక కట్టు వంక చూశాడు. నమ్మించడానికి ఇంకో దారి తోచక ఆమె ఎడమ చేతిని ఎత్తి గుమ్మానికేసి బలంగా కొట్టింది. కట్టు చెక్కు చెదరలేదు. గుమ్మం పక్కన గోడ పెచ్చు ఊడి పడింది.

"నా గోడ!" అన్నాడు ఇంటి యజమాని.

"ఆగండి మేడమ్, ఇల్లు కూలిపోతుంది," అంటూ డాక్టరు గారు తన బ్యాగు తెరిచారు. అందులోంచి పళ్ళ అచ్చులు కోసే చిన్న మిషను, గుండ్రటి రంపపు బిళ్ళ తీసి ప్లగ్గు వెతకసాగారు.

"అది... మీరు ఇక్కడికెందుకు తెచ్చారు?"

"రెండో రోజు నుంచీ తెస్తూనే ఉన్నాను. ఈ ప్లాస్టర్ డబ్బాలు తెప్పించేది నేనే కదా. పసుపుపచ్చ కట్టు కట్టే ఎముకల డాక్టరు ప్రపంచంలో ఎక్కడా లేడు మేడమ్."

"మరి అనలేదేం?"

డాక్టరు గారు రంపం బిళ్ళను అవసరానికి మించి బిగించారు. "పగలంతా అందరి నోళ్ళూ తెరిపిస్తాను. ఇంటికెళితే నోరు తెరిచే మనిషి లేదు. ఇక్కడ కాస్త సందడిగా ఉంది. దాన్ని నేనెందుకు చెడగొట్టాలి?"

"తాతగారి పళ్ళు రాకిన రోజు నాకు తెలిసింది మేడమ్," అంది రిసెప్షన్ అమ్మాయి. "కానీ అప్పటికే ఊరంతా చెప్పేశానుగా. ఇప్పుడు మీ చెయ్యి బాగుందంటే నా మాటకి విలువేముంటుంది?"

పళ్ళ మేడమ్ వార్డెన్ గారి వైపు తిరిగింది. ఆవిడ కర్ర మీద రెండు చేతులూ ఆన్చి నిటారుగా కూర్చుని ఉన్నారు.

"మీకు కూడా తెలుసా?"

"చెయ్యి విరిగినదానివి ఆ మోచేత్తోనే తలుపు నెట్టావు. ఆడపిల్లల హాస్టల్ నడిపినదాన్ని. పరీక్షల ముందు ఎన్ని కడుపునొప్పులు చూశానో."

"నేను నిజం చెప్పబోయాను కూడా. మీరే వినలేదు."

"వింటే కిందికి వెళ్ళిపోవాలిగా," అన్నారు వార్డెన్ గారు.

తెలియనిది తాతగారికి ఒక్కరికే. ఆయన కొత్త పళ్ళు పటపటమనిపిస్తూ లేచి, "మోసం!" అని గర్జించారు. వెంటనే ముఖం మార్చేసి, "ఎంత బాగా నటించావు తల్లీ! మా నాటకంలో రాణి వేషం ఖాళీగా ఉంది. సంభాషణలు పెద్దగా లేవు, ఏడుస్తూ కూర్చోవడమే," అన్నారు.

మిషను గిర్రున తిరిగింది. పసుపు దుమ్ము గదంతా కమ్మింది. విమానం మీద పడకుండా రిసెప్షన్ అమ్మాయి, తాతగారు దుప్పటి పట్టుకుని నిలబడ్డారు. కట్టు రెండు ముక్కలై కింద పడింది. పాలిపోయి, ముడతలు పడి, ఎవరిదో అరువు తెచ్చినట్టున్న చెయ్యి బయటపడింది. వార్డెన్ గారు దాన్ని ఒళ్ళోకి తీసుకుని తడిగుడ్డతో తుడిచారు. మెట్లు కడిగే ఆవిడకు ఇప్పుడే ఫోన్ చేసి రమ్మని చెప్పాలని, అది చెప్పేదాకా ఎవరూ ఈ గది దాటడానికి వీల్లేదని ఇంటి యజమానికి ఆజ్ఞాపించారు. ఆయన చెప్పాడు. ఊడిన గోడ గురించి కూడా ఏదో చెప్పబోయాడు గానీ, కర్ర నేలకు తగిలిన చప్పుడు విని మానుకున్నాడు.

ఆఖరి తీగ పళ్ళ మేడమ్ తనే కట్టింది, రెండు చేతులతో. ముడి బిగించి, మిగిలిన దారం కత్తిరించింది. విమానం పూర్తయింది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయ్యాక ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. డాక్టరు గారు మిషను సర్దుకున్నారు. రిసెప్షన్ అమ్మాయి దారపు ముక్కలు ఏరింది. "వస్తాం మేడమ్," అన్నారు ఒక్కొక్కరూ గుమ్మం దగ్గర. రోజూ దాని వెనక ఉండే "రేపు" ఆ రోజు లేదు.

మర్నాడు ఆమె పనిలోకి వెళ్ళింది. బకెట్టు పక్కకు జరిగింది. "డ్యూటీకా అమ్మా?" అని వినిపించింది. పళ్ళ మేడమ్ ఆగి, క్షమించమని అడిగింది. "మీరేం చేశారమ్మా?" అంది ఆవిడ. ఎవరూ ఆవిడకు అసలు సంగతి చెప్పలేదు. పళ్ళ మేడమ్ ఆ మెట్ల మీదే కూర్చుని మొదటినుంచీ చెప్పింది. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. అంతా విని, "మరి నన్ను పిలవలేదేం? దారం నేనూ కట్టేదాన్నిగా," అంది.

సాయంత్రం ఇంటికొచ్చి దీపం వేసింది. గ్లాసులు బోర్లించినవి తిరగేసి వరుసగా పెట్టింది. విమానం బల్ల మీద నిలబడి ఉంది, వంక పెట్టడానికి వీల్లేకుండా. దానికి చేయాల్సిందేమీ లేదు, రుద్దాల్సింది లేదు, అతకాల్సింది లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే లేచి గుమ్మం దాకా వెళ్ళింది. ఆ అడుగులు పక్క వాటాలోకి వెళ్ళిపోయాయి. రోగం లేని మనిషిని పరామర్శించడానికి ఎవరైనా ఎందుకొస్తారు? తప్పు వాళ్ళది కాదు. డాక్టరు గారు ఈపాటికి ఇంట్లో కూర్చుని ఉంటారు. తాతగారు తన గదిలో తనొక్కరే యుద్ధాలు ప్రకటిస్తూ ఉంటారు. వాళ్ళకీ రావాలనే ఉందేమో. ఏమని చెప్పి వస్తారు?

ఆమె గదంతా కలియజూసింది. నాలుగు కుర్చీలు గోడ వారగా ఉన్నాయి. ఆమె కాసేపు ఆలోచించి ఒక కుర్చీ ఎత్తుకుని మెట్లు దిగింది.

వార్డెన్ గారు తలుపు తీశారు. వెనక గదిలో దీపం వెలుగుతోంది, గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఏంటమ్మాయ్?"

"మీ కుర్చీ ఇద్దామని వచ్చాను పిన్నిగారూ."

ఆ పిలుపు ఆమె నోట అంతకుముందు ఎప్పుడూ రాలేదు. వార్డెన్ గారు విననట్టే ఉన్నారు. "నేను పంపినవి నాలుగు కదా?"

"ఒక్కొక్కటే తెద్దామని. చెయ్యి ఇంకా పూర్తిగా కుదురుకోలేదు."

వార్డెన్ గారు ఆమె చెయ్యి వంక చూడలేదు. తలుపు బార్లా తీసి, "నిజమే. ఒకేసారి మొయ్యకూడదు," అన్నారు. "రేపు ఇంకోటి తే. వచ్చేటప్పుడు ఆ డాక్టర్ని కూడా సాయం పట్టమను. ఇప్పుడు ఆ తెచ్చినదాంట్లో కూర్చో, ఎందుకు మోసుకొచ్చావ్ మరి?"

నాలుగో కుర్చీ కిందికి చేరిన రోజున, పైన కూర్చోవడానికి చాలడం లేదంటూ వార్డెన్ గారు మొదటిదాన్ని మళ్ళీ పైకి పంపించారు.